బావిలో పడ్డ బిందె... పైకొచ్చిన చెంబు

మా చిన్నప్పుడు బావిలో బిందె పడిందంటే, ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు...

నిర్మల్ దగ్గర మా ఊరు. వాడంతటికీ ఒకటే చేదబావి. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. ఓసారి అవ్వ తన తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందెను నింపి గట్టు మీద పెట్టింది. అంతలో పక్కింటి రాజవ్వ పెద్దమ్మ బొక్కెన పట్టుకుని వచ్చింది. ఆమె మొహం చూడకూడదని అవ్వ గిర్రున తిరిగింది... మోచెయ్యి తగిలి బిందె బుడుంగుమంది!

వాళ్లిద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. అంతకుముందు ఒకే ప్రాణంలా ఉండేవాళ్లు. ఒకరోజు పెద్దమ్మ రాగి చెంబు కనపడకుండా పోయింది. "గామె తప్ప మా ఇంటికి ఇంకెవ్వరు రాలే" అని ఆమె నలుగురిలో అనేసింది. ఇంకేముంది... మా అవ్వను దొంగ అన్నట్టే కదా!

బిందె తీయాలంటే పాతాళగరిగె కావాలి. ఇనుప కడియానికి చుట్టూ కొక్కేలుంటాయి. తాడు కట్టి దించి అడుగున తిప్పితే ఏదో ఒక కొక్కేనికి బిందె తగులుకుంటుంది. వాడలో ఆ గరిగె ఉన్నది ఒక్క ఇంట్లోనే... ఎవరింట్లోనో చెప్పాలా!

"నేను సచ్చినా గా గడప తొక్క" అంది అవ్వ. ఆ రోజు ముద్ద ముట్టలేదు.

ఆ వారమే బడిలో ఇంగ్లిష్ సారు 'రిట్రీవ్' అనే మాట చెప్పారు. "కొత్తగా దొరికిన దానికి గా మాట వాడరు పిల్లలూ. అది మనదే అయి ఉండాలె. చెయ్యి జారి పోవాలె. మల్ల తిప్పలు పడి తెచ్చుకోవాలె. గప్పుడే రిట్రీవ్" అన్నారు. సొంత వాక్యం రాసుకు రమ్మన్నారు. గైడులో ఏమో, వేటగాడు కొట్టిన పిట్టను కుక్క తెచ్చి ఇచ్చిందని ఉంది. మా ఊరి కుక్కలైతే ఈకలు కూడా మిగల్చవు!

బిందె పడ్డ మర్నాడు అవ్వ ఉండబట్టలేక ఓ కంచు గిన్నె పట్టుకుని బయల్దేరింది. నేనూ వెంటపడ్డాను. గరిగెను ఉత్త చేతికి ఇవ్వరు మా దిక్కు. ఓ గిన్నె కుదువ పెట్టాలి, గరిగె తిరిగిచ్చాక గిన్నె తెచ్చుకోవాలి.

అవ్వ గిన్నెను అరుగు మీద పెట్టి, "గరిగె గావాలె. గిన్నె పెడుతున్న, మంచిగ చూసుకో. మల్ల ఏం పోయినా నా పేరే వస్తది" అంది. పెద్దమ్మ గిన్నెను లోపల పెట్టుకుంది. గరిగె తెచ్చి ఇచ్చింది.

బాపు బావిలో దించి తిప్పుతూ తిప్పుతూ పైకి లాగాడు. బిందె కాదు... బురద పట్టిన చెంబు! కడిగితే రాగిది. అంచు మీద కొట్టించిన పేరు చూస్తే, రాజవ్వ పెద్దమ్మ పెనిమిటిది.

"ఇగ పో, నలుగుర్ల అడుగు. గప్పుడు నలుగుర్లనే అన్నది గదా!" అన్నాడు బాపు.

రెండోసారి దించితే బిందె కూడా వచ్చింది, ఓ పక్క సొట్టపడి. దాన్ని అలాగే వదిలేసి, అవ్వ ముందు చెంబును చింతపండు పెట్టి తళతళలాడేలా తోమింది. గరిగెను, చెంబును తీసుకుని ఒక్కతే వెళ్లింది. నేను గోడ పక్క నుంచి చూస్తూనే ఉన్నాను.

చెంబు చూసి పెద్దమ్మ అరుగు మీద కూలబడింది. "నా నోట్ల మన్నువడ... నేనే బాయిల జారవిడుచుకొని నిన్ను ఎంత మాటంటి చెల్లే!" అని బావురుమంది.

"అన్నవ్ అక్కా. మస్తు ఏడ్చిన నేను" అంది అవ్వ. దాచుకోలేదు. గరిగెను అరుగు మీద పెట్టి, "అయింది తియ్యి. ఆకలైతుంది, నా గిన్నె ఇయ్యి, పోత" అంది.

పెద్దమ్మ లోపలికి పోయి, ఆ గిన్నె నిండా పప్పుచారు పోసుకుని వచ్చింది. అవ్వ ఇంటికి రాలేదు. అక్కడే కూర్చుని, ఆమె పెట్టిన అన్నంలో కలుపుకుని తిన్నది.

బాపు బిందెను రిట్రీవ్ చేశాడని నేను వాక్యం రాశాను. సారు రైటు కొట్టారు. అరుగు మీద జరిగింది ఎలా రాయాలో మాత్రం నాకు తెలియలేదు...

ఇప్పుడు ఇంటికో బోరు. ఎవరింటికీ ఏదీ అడగడానికి పోయే పనే లేదు. నేనూ, నా సొంత చెల్లెలూ మాట్లాడుకోక నాలుగేళ్లయింది. ఒకరి గడప ఒకరం తొక్కాల్సిన అవసరం ఏదీ రాలేదు మరి...

మీరెప్పుడైనా ముందుగా వెళ్లి తలుపు కొట్టారా? కొడితే, మొదటి మాట ఏమన్నారో జర చెప్పండి... నాకు కావాలి.