పొలిమేర దాటినా పద్దెనిమిదే

“ఎంత మిగిలె, నరసీ?” అన్నాడాయన.

“నోరు మూసుకోని పండుకో, అన్నం తెస్తా” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. కొత్తిమీర కట్ట బేరమాడి తెచ్చానని గొప్ప చెప్పుకుంటే ఆయన వేసిన ప్రశ్న అది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఒక్కనాడూ నా మాట వినని మనిషి, ఆ మధ్యాహ్నం మాత్రం విన్నాడు. నోరు మూసుకున్నాడు. పండుకున్నాడు. నేను కంచం పట్టుకొని వచ్చేసరికి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

‘ఎంత మిగిలె’ అనేది ఉత్త ప్రశ్న అనుకునేరు. కాదు. అది మా ఇంట్లో నాకు పడిన శిక్ష. ఆ శిక్ష ఎట్లా పడిందో చెబుతాను. ధర్మవరంలో బుద్ధిగా కూర్చోవలసిన ఆడమనిషి, రాష్ట్రం పొలిమేర దాటిపోయి, తన ఇంటికి తానే నిప్పు పెట్టుకొని, ఆ బూడిదను మూట కట్టుకొని, ‘చూడు ఎంత మిగిలిందో’ అని మురిసిపోతూ ఇంటికొచ్చిన కథ ఇది. నవ్వొస్తే నవ్వండి. ఆయన ఉన్నన్నాళ్లూ నేనూ నవ్వాను.

నాకు చదువు రాదు. సంతకం గీకుతాను, అంకెలు పోలుస్తాను, అంతే. నేను చెబుతుంటే రాస్తున్నది మా తమ్ముడి కూతురు సుజాత. పెనుకొండలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. కాబట్టి అక్షరాలు దానివి, తప్పులు నావి.

మా ఆయన ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. అంచులో హంస నడవాలన్నా, కొంగులో మామిడిపిందె వంగాలన్నా ముందు ఆయన చేతిలో పుట్టాలి. మొదట్లో గళ్ల కాగితం మీద కుంచెతో ఒక్కొక్క గడీ నింపేవాడు. తర్వాత కంప్యూటరు కొన్నాడు. అందులో గీసింది అట్టల మీద చిల్లులుగా మారుతుంది, ఆ అట్టలు మగ్గమెక్కితే చీరలో పువ్వు పూస్తుంది. చీర బాగుంటే అమ్మిన షావుకారు పేరు చెప్పుకుంటారు. నేసినవాడి పేరు ఎప్పుడో ఒకసారి చెప్పుకుంటారు. గీసినవాడి పేరు ఎవరూ చెప్పుకోరు. అందుకని ఆయన అప్పటికి ఆరు నెలలుగా ఒక అంచు గీస్తున్నాడు. ఎవరూ అడిగింది కాదు, ఎవరికీ చూపింది కాదు. కళ్లలో శుక్లాలు ముదురుతున్నాయి. అవి పూర్తిగా కమ్మేలోపు తనదంటూ ఒక్క అంచు మగ్గమెక్కాలని ఆయన పంతం.

“ఏం గీస్తాండావు?” అంటే, “అయినాక చూద్దువులే” అనేవాడు.

అంతలో ఆ డిజైన్లు గీసే సాఫ్ట్‌వేరు పాతబడింది. కొత్తది ఎక్కిస్తే తప్ప అట్టలు కొట్టే మిషను దాని మాట వినదన్నారు. ధర్మవరంలో అమ్మే మనిషి ఒక కాగితం రాసిచ్చాడు. ధర కింద రెండు వరుసలు. రెండింటి పక్కనా తొమ్మిది.

“ఈ కవల పిల్లలెవరు?” అన్నాను.

“ట్యాక్సు. నూటికి తొమ్మిది ఢిల్లీకి, తొమ్మిది మన రాష్ట్రానికి. కలిపితే పద్దెనిమిది.”

“మరి సరుకేది?”

“సరుకుండదే. కంప్యూటరు లోపలికి ఎక్కిస్తారు.”

“కిలోల్లెక్కనా, మూరల్లెక్కనా? కంటికి కనపడని దానికి ట్యాక్సు ఏమిటికప్పా? జరీ పట్టుచీరకు నూటికి అయిదంట, గాలికి పద్దెనిమిదంట. ఇట్లయితే రేపు నీకొచ్చే కలకు కూడా బిల్లు పంపుతారు.”

“పంపితే కడదాంలే” అన్నాడు, కళ్లజోడు సర్దుకుంటూ.

మీరే చెప్పండి, ఒళ్లు మండదా? నేను పట్టుదారం తూకం వేసే ఇంట్లో పుట్టి, చీరను మూరవేసే ఇంట్లో మెట్టినదాన్ని. చేతికి బరువు తగలనిది సరుకెట్లా అవుతుంది? ఆ రాత్రే కాదు, ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

హిందూపురంలో మా తమ్ముడు గంగాధర ఆటో నడుపుతాడు. వాడు మన రాష్ట్రంలో పెట్రోలు చుక్క పోయించడు. పొలిమేర అవతల, గౌరిబిదనూరు పోయే దారిలో పోయిస్తాడు. ఎందుకంటే ఆ రాష్ట్రంలో పెట్రోలు మీద ట్యాక్సు తక్కువ. వాడికి ఫోను చేశాను.

“ఒరే, పెట్రోలు మాదిరే సాఫ్ట్‌వేరు కూడా ఆడ చౌకనా?”

“చౌక కాకుండా యాడికి పోతాదక్కా? ట్యాక్సంటే ట్యాక్సే కదా.”

నా బుర్రలో వెలిగింది. ఆ రెండు తొమ్మిదుల్లో ఒకటి మన రాష్ట్రానిది. రాష్ట్రమే దాటిపోతే ఆ తొమ్మిది ఎవరు వసూలు చేస్తారు? ఇంత చిన్న విషయం చదువుకున్నవాళ్లకు తోచలేదంటే వాళ్ల మీద జాలి వేసింది. ఆయనకు చెప్పాను. ఆయన నవ్వాడు.

“పెట్రోలు వేరు, ఇది వేరే, నరసీ. పొలిమేర దాటితే దీని పేరు మారుతాది కానీ అంకె మారదు.”

“నీకు గీతలు తెలుసు గానీ లెక్క తెలీదు” అన్నాను.

తర్వాత రెండు రోజులకు ఆయన ముదిగుబ్బలో చుట్టాల పెళ్లికి పోవలసి వచ్చింది. నాకు మోకాలు నొప్పి అన్నాను. ఆయన ఎక్కిన బస్సు మలుపు తిరిగిందో లేదో నా మోకాలు కుదురుకుంది. బొమ్మ కనపడే తెర అక్కర్లేదు, కింద పెట్టే నల్ల డబ్బా చాలన్నాడు తమ్ముడు. దాన్ని బొంతలో చుట్టి, ఒళ్లో పెట్టుకొని, ప్యాసింజరు రైలెక్కాను. పెనుకొండలో ఒకామె ఎక్కి నా ఎదుట కూర్చుంది.

“నిద్రపోతాండాడా?” అంది బొంత చూసి.

“ఊఁ.”

“మనవడా?”

“ఊఁ.” ట్యాక్సు ఎగ్గొట్టబోయేవాళ్లు ప్రతిదానికీ ఊఁ అంటారు, గమనించండి.

ఆమె ముద్దుగా బొంత మీద తట్టింది. ఠంగుమంది. “బిడ్డ బో గట్టిగా ఉండాడే” అంది.

“మా ఇంట్లో అందరూ గట్టోళ్లేలే” అన్నాను. హిందూపురం దాకా ఆమె మళ్లీ నా వైపు చూడలేదు. అప్పుడు లోపల నవ్వుకున్నాను. ఆ బొంతలో నిజంగానే ఒక బిడ్డ ఉందని, అది ఆరు నెలలదని అప్పుడు నాకేం తెలుసు?

హిందూపురంలో దిగగానే తమ్ముడి చేత రెండు మోపుల పచ్చగడ్డి కొనిపించి, డబ్బాను ఆటోలో గడ్డి కింద దాచాను.

“గడ్డి ఎందుకక్కా?”

“పొలిమేరలో చెక్‌పోస్టు ఉండాది కదరా. కొత్తగా పెండ్లయినప్పుడు చీరల మూట విప్పించి ఒక్కొక్క చీరా లెక్కపెట్టినారు నా కండ్ల ముందర.”

“చెక్‌పోస్టు ఎత్తేసి ఏండ్లాయె. జీఎస్టీ వచ్చినాక ఆడ ఎవరూ లేరు.”

నేను నమ్మలేదు. నిజంగానే అక్కడ ఎవరూ లేరు. పక్కన బజ్జీలు అమ్ముతున్నారు. బజ్జీలకని ఆపితే ఎక్కడి నుంచో ఒక ఎనుము వచ్చి ఆటోలో తల పెట్టి గడ్డి లాగింది, నల్ల డబ్బా బయటపడింది. సర్కారు వదిలేసినా ఎనుము పట్టుకుంది. అపశకునమని తెలిసి కూడా ముందుకే పోయాను.

గౌరిబిదనూరులో దుకాణం మనిషికి మా భాష వచ్చు. సాఫ్ట్‌వేరు పేరు చెప్పగానే కాగితం తీసి టకటకా కొట్టి ఇచ్చాడు. ధర కింద రెండు వరుసలు. తొమ్మిది, తొమ్మిది.

“ఈ రెండో తొమ్మిది ఎవరిదప్పా?”

“కర్ణాటకదమ్మా.”

“మేం ఆంధ్రావాళ్లం. మీ రాష్ట్రానికి మా దుడ్లు ఎందుకు కట్టల్ల?”

“ఆంధ్రానా? ముందే చెప్పల్ల కదా. ధర్మవరం అడ్రసు మీద బిల్లు రాస్తే ఈ రెండూ తీసేస్తా.”

నేను తమ్ముడి వైపు చూశాను. యుద్ధం గెలిచిన రాణి సేనాపతి వైపు చూసే చూపు అది. కొత్త కాగితం వచ్చింది. మాట తప్పని మనిషి, రెండు తొమ్మిదులూ తీసేశాడు. వాటి చోట ఒకే వరుస ఉంది. పద్దెనిమిది.

“ఇదేంది?”

“రాష్ట్రం దాటి పోయేదానికి ఇట్ల ఒక్కటే పడతాదమ్మా.”

మా సేనాపతి గోడ మీది కేలండరు చదవడం మొదలుపెట్టాడు.

అక్కడితో తిరిగొచ్చి ఉంటే ఈ కథ రైలు ఛార్జీతో ముగిసేది. కానీ ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోవడానికి నాకు మొహం చెల్లలేదు. “బిల్లే వద్దప్పా. బిల్లు లేకుండా ఇస్తావా?” అన్నాను.

అతను కాసేపు తల గోక్కున్నాడు. “అట్లయితే అసలుది రాదు. ఇంకొక కాపీ ఉండాది. కానీ ఈ కంప్యూటరంతా ఖాళీ చేసి మొదట్నుంచి ఎక్కించల్ల. లోపలుండేదంతా పోతాది. కావలసినవేమన్నా ఉండాయా?”

“ఏముంటాయి?”

“మీ ఆయనకు ఒకసారి ఫోను చేసి అడగండమ్మా.”

ఫోను నా చేతిలోనే ఉంది. కానీ ఫోను చేస్తే గుట్టు బయటపడుతుంది. ఆయన పెళ్లి నుంచి వచ్చి, ఆశ్చర్యపోయి, ‘నాకు గీతలే తెలుసు, లెక్క నీకే తెలుసు నరసీ’ అనాలని నా ఆశ. పైగా నా సిద్ధాంతం నాకుంది కదా. అట్ట మీదికి వచ్చింది డిజైను. రానిది ఆలోచన. ఆలోచన మనిషి తలలో ఉంటుంది కానీ డబ్బాలో ఎందుకుంటుంది? డబ్బాలో ఉండేది గాలి. గాలికి ట్యాక్సు కట్టకూడదు, గాలి పోతే ఏడవకూడదు.

“ఏమీ లేవు, కానియ్” అన్నాను. అతను ఖాళీ చేస్తున్నంతసేపూ నేను బయట బోండా తిన్నాను.

మర్నాడు ఆయన వచ్చేసరికి డబ్బా ఎక్కడిదక్కడ ఉంది. “తెరిచి చూడు” అన్నాను. “కొత్తది. ట్యాక్సు లేకుండా తెచ్చినా.”

ఆయన కూర్చున్నాడు. తెర దగ్గరికి మొహం పెట్టి చాలాసేపు వెతికాడు. పాత డిజైన్లన్నీ పెన్‌డ్రైవులో దాచి ఉన్నాయట, వాటికేం కాలేదు.

“నరసీ, నా అంచు ఏమాయె?”

“అట్ట కొట్టలేదు కదా ఇంకా. నీ తలకాయలోనే ఉంటాది.”

తిడతాడనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుంటూ వాకిట్లోకి పోయాడు. నేను పొద్దున వేసిన ముగ్గు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“కిందటి మాఘంలో ఒకనాడు వేసినావు చూడు. తీగ చుట్టుకుంటా పోయి పోయి తన తోకనే పట్టుకునేది. అది మళ్లా వేస్తావా?”

“ఏదో చేతికొచ్చింది వేస్తా. పొద్దెక్కేసరికి అందరూ తొక్కేస్తారు. అదంతా యాడ గుర్తు పెట్టుకుంటా?”

“నేను పెట్టుకుంటినే” అన్నాడు. “ఆ డబ్బాలోనే పెట్టుకుంటి.”

రోజూ పొద్దున టీ గ్లాసు పట్టుకొని గడప మీద కూర్చునేవాడు. దారిన పోయే ఆడవాళ్లను చూస్తున్నాడని నేను ఎన్నోసార్లు దెప్పాను. ఆయన చూసింది నా చేతిని. ఊరందరి అంచులూ గీసిన మనిషి, తన సొంత అంచు ఒక్కటి గీయాలనుకున్నప్పుడు నా ముగ్గు తెచ్చి పెట్టుకున్నాడు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టని సామెత చెబుతారే, నేను ఇంకో అడుగు ముందుకు పోయాను. అంకుశం బేరం తెగలేదని ఏనుగును గౌరిబిదనూరులో వదిలేసి వచ్చాను.

ఆ కాపీ నెలన్నరకే ఆగిపోయింది. మళ్లీ ధర్మవరం మనిషి దగ్గరే, రెండు తొమ్మిదులతో సహా కొన్నాం. ఆయన ఆ అంచు మూడుసార్లు మొదలుపెట్టాడు. నేను రోజుకొక రకంగా ముగ్గు తిప్పాను. “ఇది కాదులే. ఇదీ బాగుండాది” అనేవాడు. శుక్లాలు తీయించినా ఆ సన్నటి గళ్లు ఆయన కంటికి ఆనలేదు. ఆ అంచు మగ్గమెక్కలేదు.

ఒక్క మాట అనలేదు నన్ను. అప్పటి నుంచి నేను ఉప్పు కొన్నా, చీపురు కొన్నా, “ఎంత మిగిలె, నరసీ?” అనేవాడు. నేను చీపురు ఎత్తేదాన్ని, ఆయన నవ్వుతూ తలుపు వెనక్కి పోయేవాడు. ఆఖరి రోజున కూడా ఆయన ఆడుతున్నది ఆ ఆటే. నేనే ఆడలేదు.

కంటికి కనపడని దానికీ ఖరీదుంటుందని సర్కారుకు తెలిసింది. గౌరిబిదనూరు దుకాణం మనిషికి తెలిసింది. ఎనుముక్కూడా తెలిసి ఉంటుంది. నాకొక్కదానికే తెలియలేదు.

అందుకని లేపాక్షి బసవన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆ రాతి బసవన్నే లేచి నడిచి హిందూపురం వచ్చినా ఈ మాట తప్పను. ఇక మీదట గాలి కొన్నా బిల్లు తీసుకుంటాను. కలకు బిల్లు వస్తే, ఆ కలలో మా ఆయన ఉంటే, పద్దెనిమిది కాదు, ఎంతంటే అంత కట్టి రసీదు కళ్లకద్దుకుంటాను. పెట్రోలు కోసం తప్ప మా వంశంలో ఎవరూ పొలిమేర దాటకూడదు. మా తమ్ముడు దానికి కూడా దాటకూడదు.

సుజాతా, రాసినావా అంతా? నాకు ఆ కాగితం మీద చీమలబారు తప్ప ఇంకేం కనపడలేదు. కనపడలేదని లోపల ఏమీ లేదనే దాన్ని కాదులే ఇప్పుడు. చదువు, ఒకసారి వింటా. మొదట్నుంచి చదవల్ల, ఆయన అడిగేకాడ్నుంచి. ఈ తూరి నోరు మూసుకునేది నేను.