కాయని తీగలు కోసిన రోజు

పోయిన నెల కంటిపొర తీయించుకోవడానికి వేలూరు వెళ్ళినప్పుడు, చుక్కల మందు వేసి మమ్మల్ని కూర్చోబెట్టిన హాలులో గోడకు ఒక టీవీ ఉంది. శబ్దం లేదు, బొమ్మ మాత్రం కదులుతోంది. ఏదో చలిదేశపు కొండవాలు, దాని మీద ఆకు రాలిన ద్రాక్షతీగలు వరుసలు వరుసలుగా, నడుమ మోకాలెత్తు రాతిగోడలు, ఉన్నిటోపీ పెట్టుకున్న ఒక మనిషి కోసిన కొమ్మలను ఇనుప తోపుడుబండిలో వేసి, అందులోనే మంట పెట్టి, ఆ బండిని తీగ నుంచి తీగకు తోసుకుంటూ పోతున్నాడు. నేను తిరుపత్తూరు దాటి అవతలికి పోయినవాణ్ణి కాను. అయినా ఆ మండే బండిని చూడగానే అది ఫ్రాన్సులో బర్గండీ సీమ అని తెలిసిపోయింది. మనసు ఏమైనా కదులుతుందేమో అని కాసేపు ఎదురుచూశాను. ఏమీ కాలేదు. నర్సమ్మ నా పేరు పిలిచింది, లేచి వెళ్ళాను.

నా వయసువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, మన ప్రాంతపు క్రైస్తవ గుళ్ళలో అప్పటికింకా ఒకరిద్దరు ఫ్రెంచి స్వాములు మిగిలి ఉండేవారు. గుడియాత్తంలో మా గుడి విచారణ చూసే గురువు అలాంటివారే. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. పగలు మగ్గంలో లుంగీలు నేసేవాణ్ణి, సాయంత్రాలూ ఆదివారాలూ గుడిలో బైబిలు వాక్యం చదివి వినిపించే ఉపదేశిని. మా సంఘంలో అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడినా తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు లేరు, పాటలు సైతం అరవ అక్షరాల్లో రాసుకునేవారు. నేను పొన్నైలో మేనత్త దగ్గర పెరిగి తెలుగు బడిలో చదివినందువల్ల వాక్యం చదివే భాగ్యం నాకు దక్కింది. చదవడం వచ్చినవాడికి, అర్థం కూడా తనకే తెలుసుననే గర్వం ఎంత తొందరగా పట్టుకుంటుందో అప్పట్లో నాకు తెలియదు.

స్వాములు మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి, మగ్గం గుంట గట్టు మీద కూర్చుని, మా మాటల్లోనే బర్గండీలోని వాళ్ళ ఊరి సంగతులు చెప్పేవారు. తూర్పు ముఖంగా ఉండే ఒక పొడవాటి కొండవాలు, దాని మీద వందల చిన్న చిన్న పొలం చెక్కలు, ప్రతి చెక్కకూ మనిషికి ఉన్నట్టు ఒక పేరు, చుట్టూ ఒక గోడ. అంతటా ఒకే జాతి నల్లద్రాక్ష. అయినా గోడకు ఇవతలి రసం ఒక రుచి, అవతలిది ఇంకొక రుచి. ఎప్పటివో మఠాల సన్యాసులు మన్ను నోట్లో వేసుకుని రుచి చూసి ఆ హద్దులు పెట్టారని అక్కడ చెప్పుకుంటారట. వాలు నడుమ పండినది దొరల బల్ల మీదికి, అడుగున రోడ్డు పక్కన పండినది కూలివాళ్ళ గ్లాసుల్లోకి. అన్నదమ్ములు పంచుకోగా పంచుకోగా వాళ్ళ నాన్నకు మంచి చెక్కలో నాలుగు వరుసలే మిగిలాయని చెప్పినప్పుడు, వీధి పొడవునా పడుగు చాచి పోగులు సరిచూసుకునే మాకు ఆ నాలుగు వరుసలు బాగానే అర్థమయ్యాయి. చలికాలంలో కోసిన కొమ్మలను తోపుడుబండిలోనే కాలుస్తూ తీగ నుంచి తీగకు తోసుకుపోయేవారట. చిగుర్ల కాలంలో మంచు పడితే వరుసల మధ్య మంటలు వేసి, ఇంటిల్లిపాదీ తెల్లవారేదాకా వాటిని కాచుకునేవారట.

స్వాములు పెద్దకొడుకు. గురువు కావడానికి ఇల్లు విడిచినప్పుడు వాళ్ళ నాన్న కోప్పడలేదట, పోయే దేశంలో పూజకు ద్రాక్షరసం ఎవరు పిండుతారని మాత్రం అడిగారట. నేనే పిండుతాను అని ఈయన మాటిచ్చారు. నాన్న పోయారు, ఈయన వెళ్ళలేకపోయారు. మన దగ్గర మద్యనిషేధం. పూజలో వాడేది పులిసిన ద్రాక్షరసం కాబట్టి, అది అనుమతి కాగితంతో ఎక్కడి నుంచో సీసాల్లో వచ్చేది. "ఒక్క లోటా చాలప్పా, ఒక్క పూజకి," అనేవారు. తమ ఊరి అంట్లు రెండుసార్లు తెప్పిస్తే రెండుసార్లూ ఎండిపోయాయి. చివరికి నాట్రంపల్లి పక్క తోట నుంచి నల్లద్రాక్ష అంటు తెచ్చి గుడి వెనక నాటి, రాతి స్తంభాల మీద పందిరి వేశారు. మూడో ఏటికి తీగ పందిరంతా అల్లుకుంది. ఆ వానాకాలంలోనే, రాబోయే పాస్కా, అంటే ఈస్టరు పండుగ, అయ్యాక సొంత దేశానికి వచ్చి విశ్రాంతి తీసుకోమని ఆయనకు ఉత్తరం వచ్చింది. అక్టోబరు చివర ఐప్పసిలో తీగ కొమ్మలు కత్తిరిస్తే ఫిబ్రవరి చివర మాసికి పండు, పాస్కాకు రసం; ఆయన వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నారు. ఆ ఒక్క కాపే ఆయనకు మిగిలింది.

ఆగస్టు చివర, ఆవణిలో, ఆయన మెట్ల మీద జారి కాలు విరిగి వేలూరు ఆసుపత్రిలో చేరారు. తీగకు నీళ్ళు పోయమని నాకు చెప్పారు, అంతే. స్వాములు లేని ఆదివారాలు ప్రార్థన నేనే నడిపేవాణ్ణి. ఒక ఆదివారం ద్రాక్షావల్లి తాను, తోట చూసేది తన తండ్రి అని ప్రభువు చెప్పిన మాటలు చదివి, ఫలించని తీగెను తీసివేయడం గురించి గంటసేపు ప్రసంగించాను, కొందరు ఏడ్చారు. ఆ వేడి దిగకముందే, మరునాడు పొద్దున్నే కత్తెర తీసుకుని పందిరి కిందికి వెళ్ళాను. అదను గాని అదనులో రెండు మూడు తీగలకు గుత్తులు వేలాడుతున్నాయి, మిగిలినవన్నీ ఉత్త ఆకు. స్వాములు తిరిగొచ్చేసరికి తోట శుద్ధిగా ఉండాలనుకున్నాను. కాయనివాటినన్నిటినీ మొదలంటా కోశాను.

మా మేనత్త, తన భర్త పోయాక, పొన్నై విడిచి వచ్చి స్వాముల వంట చూసుకునేది. సేద్యం చేసిన చెయ్యి. చాటలో బియ్యం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏం నాయనా, పచ్చగుండే కొమ్మల్ని కోస్తా ఉండావు?"

కాయనివి అని చెప్పాను.

"కాయనిదంతా కోసేటట్టయితే ముందు నన్ను కోయాల. నాకు బిడ్డలు యాడుండారు?"

నేను నవ్వి, వాక్యం వినిపించాను. ఆమె విని, బియ్యంలో రాయి ఏరి పారేసింది.

"వాక్యం నాకు తెలీదప్పా. కొమ్మ తెలుసు. నిలుపు."

నేను నిలపలేదు.

నలభై రోజులకు స్వాములు కట్టుకాలుతో, చంకకర్రతో వచ్చారు. నేరుగా గుడి వెనక్కి నడిచారు. కంచె పక్క నేను పోగుపెట్టిన కుప్పలోంచి ఒక ఎండుకొమ్మ తీసి, గోటితో కణుపులు గీకి చూశారు. తర్వాత మెల్లగా చెప్పారు: ఈ ఏడు ఆకు మాత్రమే వేసిన కొమ్మే వచ్చే కాపును తన కన్నుల్లో, అంటే కణుపు మొగ్గల్లో, దాచుకుంటుందట, వాళ్ళ నాన్న ప్రతి మొక్కకూ కాసే కొమ్మ ఒకటి పెట్టి, దాని పక్కనే ఏమీ కాయని పొట్టికొమ్మ ఒకటి రెండు కన్నులతో వదిలేవాడట, రేపటి కోసం. ఈ చెట్టుకు పాస్కాలోపల ఇక కాపు లేదు. నేను చేతులు కట్టుకుని, వాక్యప్రకారమే చేశాను సామీ అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు. కోపం లేదు.

"వాక్యంలో కోసేది తండ్రి, నాయనా. నిన్ను కోయమని యాడ చెప్పినాడు?"

ఇక ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఎండుకొమ్మలతో మేనత్త ఆయన స్నానానికి నీళ్ళు కాచింది.

పాస్కా నాటి చివరి పూజ సీసా రసంతోనే జరిగింది. పాత్ర ఎత్తినప్పుడు ఆయన చేతుల వైపు చూడలేక నేల చూశాను. నాలుగో రోజున వెళ్ళిపోయారు. మరుసటి మాసికి పందిరి నిండా గుత్తులు. కొత్త స్వాములు వాటిని జ్ఞానోపదేశం పిల్లలకు పంచమన్నారు, పంచాను. పిల్లలు తొక్కలు గోడకు ఊశారు. నేనొక పండు నోట్లో వేసుకున్నాను. పుల్లగా ఉంది, అంతే. అక్కడి రెండో చలికాలంలో ఆయన పోయారని ఉత్తరం వస్తే పూజలో నేనే చదివాను, గొంతు వణకలేదు. నా విశ్వాసం గట్టిదని అందరూ మెచ్చుకున్నారు. అది విశ్వాసమో, మరొకటో, నేను ఎవరితోనూ తేల్చుకోలేదు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఉపదేశిగా ఉన్నాను. గుడికి రాని కుటుంబాల పేర్లు కొట్టేయమని సంఘపెద్దలు అడిగిన ప్రతిసారీ పెన్ను తేలేదని చెప్పేవాణ్ణి. ఇప్పుడు వాక్యం అందరి ఫోన్లలోనూ ఉంది, వినిపించేవాడితో పని లేదు. మా వీధిలో పడుగు చాచడమూ అరుదు. గుడి వెనక సిమెంటు పోసి రేకులు వేశారు, పెళ్ళిళ్ళకు కుర్చీలు వేసుకోవడానికి వీలుగా ఉంటుంది. మా మేనత్త కూడా పోయాక, ఆ సిమెంటు కింద ఏముండేదో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. భోజనాల వేళ పిల్లలు అక్కడ పరుగులు పెడుతుంటే ఒక కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. వాళ్ళకు అది చెప్పాలని ఇన్నేళ్ళలో ఎన్నడూ అనిపించలేదు.