ర్యూబెన్ వంచిన కంచె

కింబర్లీ పశువుల సీమలో ర్యూబెన్ జూలమా కంచె వేశాడంటే నూలు పట్టినట్టు ఉండేది. మొదటి రాట వెనక నిలబడి ఒక కన్ను మూసి చూస్తే, మైలు పొడుగునా మిగతా రాటలన్నీ దాని చాటునే ఉండేవి. ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. పాత కంచెలు విప్పి నేర్చుకున్నాడు.

ఆ ఏడు వానలు వెలిశాక కొత్త దొర పటం మీద గీత గీసి, పశువుల దొడ్డికి కంచె వెయ్యమన్నాడు. గీత సరిగ్గా బూడిదనేల మధ్య నుంచి పోయింది.

ఆ నేల సంగతి, తెల్లవాళ్ళు రాకముందు నుంచీ అక్కడే ఉన్న మా వాళ్ళలో పసివాళ్ళకు కూడా తెలుసు. అప్పటికి యాభై ఏళ్ళ కిందట, ఒక ఎద్దును బల్లెంతో పొడిచారన్న నెపం మీద తెల్లవాళ్ళు గుర్రాలెక్కి వచ్చి, మడుగు దగ్గరున్న మా గుంపునంతా కాల్చి చంపి, అక్కడే కట్టెలు పేర్చి తగలబెట్టారు. రెల్లు చాటున నీళ్ళలో మునిగి బతికిన ఒక్క పిల్ల, ర్యూబెన్ మేనత్త డోరా.

"నీ కంచె తిన్నగా పోతుందని మురిసిపోతావు కదరా," అందామె. "పోనీ, మా అమ్మ మీంచే పోనీ."

ర్యూబెన్ దొర దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాడు.

"చచ్చినవాళ్ళ పేర్లు చెప్పు, రాసుకుంటాను," అన్నాడు దొర. "పేర్లే లేకపోతే ఎలా నమ్మేది?"

పేర్లన్నీ ర్యూబెన్‌కు తెలుసు. కాని పోయినవాళ్ళ పేరు మాలో పెదవి దాటకూడదు.

"పేర్లు చెప్పను దొరా. కంచె మాత్రం చుట్టూ తిప్పి వేస్తా."

"వంకర కంచెను ఎద్దులు ఒక్క తోపుకి పడగొడతాయి. పడిందా, పీకించి తిన్నగా వేయిస్తా. నువ్వు ఇంకో చోట పని చూసుకో."

దొర మాటలో నిజముంది. తిన్నటి కంచెలో తీగ లాగుడంతా రెండు చివరలే మోస్తాయి. వంపు తిరిగితే ప్రతి మూల రాటనూ తీగ లోపలికి పీకుతుంది. ర్యూబెన్ చెద ముట్టని కర్ర ఏరి, మూల రాటలను ఛాతీ లోతున పాతాడు. ఒక్కోదానికి రెండేసి ఊతకర్రలు బిగించాడు. రోజూ పని మొదలయ్యే ముందు డోరా నేలకేసి గొంతెత్తి చెప్పేది: "వీడు మనవాడే. మీ పని మీదే వచ్చాడు."

మొదటి మందను తోలిన రోజున మూడు వందల ఎద్దులు బెదిరి వంపుకే వచ్చి తగిలాయి. తీగ మోగింది. రాట కదల్లేదు. దొర గుర్రం దిగి మూల రాటను భుజంతో తోశాడు, బూటుతో తన్నాడు.

"ఎవరు నేర్పారిది?"

"పడగొట్టే ఎద్దులే, దొరా."

దొర పటం తీసి, గీత చెరిపి, వంపు తిప్పి గీశాడు.

ఆ తర్వాత ర్యూబెన్ ఇరవై ఏళ్ళు కంచెలు వేశాడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు తిన్నటివి చూపించేవాడు కాదు. నేరుగా ఆ మూల రాట దగ్గరికి తీసుకెళ్ళి, "తొయ్యండి," అనేవాడు.