కుప్పం రత్నం నన్ను ఇంగ్లీషులో పొగిడిన శనివారం

ముందుగా మహాజనులందరికీ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇది చదివితే మీకు జ్ఞానం రాదు, పుణ్యం రాదు, కనీసం ఆకలైనా తీరదు. ఇంత పనికిమాలిన సంగతి రాస్తున్నందుకు సిగ్గుతో తల వంచుకుని... రాసేస్తున్నాను.

మా చిన్నప్పుడు... మదనపల్లె మిషన్ హాస్టల్లో శనివారం సాయంత్రం సంగటి ముద్దలు పళ్లేల్లో పడేవి గానీ, నోట్లో పడేవి కావు. ఆ వారం కొట్లాడుకున్నవాళ్లు ముందు లేచి నిలబడాలి. ఒకరి గురించి ఒకరు నాలుగేసి మంచి మాటలు ఇంగ్లీషులో చెప్పాలి. అంతవరకూ ఎవ్వరూ ముద్ద తుంచకూడదు.

"తెలుగులో రాజీ పడమంటే మళ్లా తిట్టుకుంటారు. ఇంగ్లీషులో మీకింకా తిట్లు రాలేదు గదప్పా!" అనేవారు వార్డెన్ అయ్యగారు.

అక్కడితో అయిపోలేదు... పొగడ్త అందుకునేవాడి ముందు ఒక ఇత్తడి గంట పెట్టేవారు. తనకు అతకని మాట వినబడితే వాడే గంట కొట్టాలి. గంట మోగినా, నాలుగు మాటలు పూర్తికాకపోయినా చెప్పినవాడు తప్పినట్టే. ఫ్రీ సీటు పిల్లలు మూడుసార్లు తప్పితే సీటు పోయినట్టే.

కుప్పం దగ్గరి పల్లె నుంచి వచ్చిన జీవరత్నానిది ఫ్రీ సీటు. వాళ్ల నాయన రాగి చేలల్లో కూలి. రత్నం అప్పటికే రెండుసార్లు తప్పాడు. మొదటిసారి నోరు పెగలక నిలబడిపోతే మా సంగటి రాయిలా గట్టిపడింది. రెండోసారి, ఆట మధ్యలో పారిపోయినవాణ్ణి పట్టుకుని 'కడదాకా పోరాడిన వీరుడు' అన్నాడు. ఆ వీరుడే సిగ్గుపడి గంట కొట్టాడు!

మూడోసారి కొట్లాట... నాతో.

తప్పు నాదే. మంగళవారం బావి దగ్గర, అందరూ వింటుండగా నోరు జారాను. "ఫ్రీగా తినేటోడికి రెండో ముద్ద యాలరా?"

రత్నం చేద కింద పెట్టాడు. ఒక్కటిచ్చాడు. నా పెదవి పూరీలా పొంగింది.

ఆ సాయంత్రమే పెద్ద తరగతివాళ్లు నన్ను చుట్టుముట్టారు. "ఒరే పుంగనూరోడా! వాడు మళ్లా మూగోడి మాదిరి నిలబడితే మా కూడు సల్లారిపోతాది. శనివారానికి వాడికి నాలుగు మాటలు నేర్పు. లేకుంటే నీ రెండో పెదవి కూడా వాచిపోతాది, సూసుకో!"

ఆ విధంగా నాలో విద్యాదాన దీక్ష మేల్కొంది.

మర్నాటి నుంచి బావి దగ్గరే బడి. రత్నం నీళ్లు తోడుతూ, నా ముఖం చూడకుండా అడిగాడు. "నీ గురించి నీకే బాగా తెలుసు గదా. సెప్పు, యేమని పొగడాల?"

నేను గొంతు సవరించుకున్నాను. "'ఎ వర్తీ అపోనెంట్' అను. తగిన ప్రత్యర్థి అని."

"అది నీకు అతకదు. ఇంగోటి సెప్పు."

"'నోబుల్ హార్ట్'. గొప్ప మనసు."

రత్నం చేద ఆపి నా పెదవి వంక చూశాడు. "నీ మనసు గొప్పదా? అబద్ధం సెప్పి నేను సీటు నిలబెట్టుకోనురా."

"పోతే పోయింది పో!" అన్నాను కోపంగా.

"పోతే పశువులకాడ జీతానికి చేరాల. నాయన ఆడ మాట కూడా ఇచ్చేసినాడు." ఒక బిందె నింపాడు. "అయినా అబద్ధం సెప్పను. నిజమయ్యేటివి యేమన్నా ఉంటే సెప్పు."

మూడు రోజులు వెతికితే నాలో మూడు నిజాలు దొరికాయి. 'హి వాజ్ మై రైవల్', అంటే ఒకప్పుడు నా ప్రత్యర్థి. 'హి వాజ్ హార్డ్ టు బీట్', అంటే ఓడించడం కష్టం. "నిజమే, నీ నోరు మూయించేది కష్టమే" అని ఒప్పుకున్నాడు. 'హి నెవర్ గేవ్ అప్', అంటే పట్టు వదలడు. చేద చేదకూ ఒక వాక్యం... అరచేతులు బొబ్బలెక్కినా వల్లించడం ఆపలేదు. నాలుగోది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

నా సంగతి కూడా విన్నవించుకోవాలి. పాఠం చెబుతూనే, వాడు తప్పితే బాగుండునని మూడు రోజులూ కోరుకున్నాను. నీళ్లు తాగినప్పుడల్లా పెదవి మండేది మరి!

శనివారం వచ్చింది. నా వంతు ముందు. మూడు మాటలు అప్పజెప్పి, నాలుగోదిగా 'హి హాజ్ ఎ స్ట్రాంగ్ రైట్ ఆర్మ్' అని పెదవి చూపించాను. కుడిచేతి బలం సంగతి అందరికీ అర్థమై నవ్వారు. రత్నం గంట ముట్టుకోలేదు.

గంట నా ముందుకు వచ్చింది.

రత్నం లేచాడు. ఒకటి... రెండు... మూడు... బాణాల్లా వదిలాడు. తర్వాత ఆగిపోయాడు. ముద్దల మీద ఆవిరి తగ్గుతోంది. వంటాయన గొణిగాడు. "సెప్పు నాయనా, ఇంగ ఒకటేగదా!"

రత్నం సూటిగా నన్నే చూశాడు. అయ్యగారు ప్రతి ఆదివారం చర్చి ప్రసంగంలో వాడే మాట ఒకటి తీశాడు.

"హి బేర్స్ మి నో గ్రడ్జ్."

నా మీద ఇతనికి పగ లేదు... అని!

నా గుండెలో ఉన్నదంతా పగే. అది నాకు తెలుసు, వాడికీ తెలుసు. అబద్ధం చెప్పనన్నవాడు, ఆ మాట నిజం చేసే పని నాకు వదిలి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గంట మోగలేదు.

రత్నం ఇప్పుడు పెద్దపంజాణి బడిలో పంతులు. ఆ హాస్టల్లో ఈ రోజుల్లో కొట్లాడుకుంటే నోటీసు బోర్డు మీద పేర్లు రాస్తారట... పిల్లలు సంగటి వేడివేడిగా తింటున్నారట. ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట వెతుక్కునే పని మాత్రం ఎవరికీ లేదు. మీకూ ఒకప్పటి ప్రత్యర్థి ఒకడు ఉండే ఉంటాడు. వాడికి అచ్చంగా అతికే మాట, ఏ భాషలోనైనా సరే, ఒక్కటి రాయండి... చదువుకుంటాను.

ఇక పుంగనూరులో మావాళ్లు, రత్నం సీటు నేనే నిలబెట్టానని ఇప్పటికీ చెప్పుకుంటారు. నమ్మకండి. మూడు మాటలూ వాడే ఏరుకున్నాడు, నాలుగోది వాడే తెచ్చుకున్నాడు. నేను చేసింది ఒక్కటే... గంట దాకా పోయిన కుడిచేతిని వెనక్కి లాక్కుని, అయ్యగారు "ఇంక తినండి" అనేదాకా తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.