నూనెకు బిళ్ల

సెంటినరీ కాలనీలో గట్టయ్య ఇంట్లో నూనె కావాలంటే ముందు ఇత్తడి బిళ్ల ఇవ్వాలి. ముప్పై ఏళ్లు బొగ్గుబావి ల్యాంపు రూం కిటికీ దగ్గర కూర్చుని, బావిలోకి దిగే కార్మికుల బిళ్ల తీసుకుని దీపం ఇచ్చిన మనిషి ఆయన. రిటైరయ్యాక కిటికీ పోయి వంటింటి గడప వచ్చింది, అంతే.

నూనె డబ్బా బీరువాలో, తాళంచెవి మొలతాడుకు. పూటకు రెండు బిళ్లలు, బిళ్లకు ఒక టీ చెంచా. అంచు మీద పొంగిన నూనెను కూడా వేలితో డబ్బాలోకి గీసేసేవాడు.

"కూర అడుగంటుతుంది, ఇంకో చెంచా ఇయ్యి," అనేది భార్య సమ్మవ్వ.

"బిళ్లేది?"

"నీ పెండ్లాన్నయ్యా."

"బిళ్ల లేకుంట మేనేజరుకే ల్యాంపు ఇయ్యలే."

సమ్మవ్వకు ఒళ్లు మండేది. కానీ రక్తంలో కొవ్వు పెరిగింది ఆయనకాయె. ఆయన కోసం కాకరకాయల్ని ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టింది. మిర్చీ బజ్జీలను గుంతపొంగనాల పెనంలో కాల్చింది. అవి గుంతల్లో పట్టక తోకలు బయటపెట్టుకుని కూర్చున్నాయి. నూనె తేలకపోతే కూరే కాదనే గట్టయ్య, నీళ్లు తాగుతూ "మస్తున్నయే" అన్నాడు.

సమ్మవ్వ తమ్ముడు కొమురెల్లి ఓసారి చేపలు తెచ్చాడు. బిళ్లలు చాలక అవీ ఇడ్లీ పాత్రలోకే పోయాయి. కొమురెల్లి మళ్లీ చేపలు తేలేదు.

మూడు నెలలకోసారి ఇద్దరూ రక్తం ఇచ్చేవారు. "నాకు సూదంటే భయం, ముందు నువ్వియ్యి," అనేవాడు గట్టయ్య. రిపోర్టులు తెచ్చి చదివి చెప్పేది ఎప్పుడూ ఆయనే. ఈసారి ఆయన కాలు బెణికితే సమ్మవ్వ ఒక్కతే దవాఖానకు పోయింది. అక్కడ కొత్త డాక్టరు.

"మీ కొవ్వు మంచిగ తగ్గిందమ్మా. ఇట్లనే తినండి."

"నాది కాదు సారూ, మా ఆయనది."

డాక్టరు కాగితాలు తిరగేశాడు. "ఆయనకెప్పుడూ ఏం లేదు. గుండెకు ముప్పుండె మీకే."

సమ్మవ్వ బయట బల్ల మీద కూలబడింది. ఆయన కోసమంటే చెంచాతో కొలిచి వండింది. తన కోసమంటే ఒక్క పూటైనా అట్లా వండుకునేది కాదు. ఆ సంగతి గట్టయ్యకు తెలుసు. ఆమెకు ఏడుపొచ్చింది, ఆయన మింగిన కాకరకాయలు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది.

వస్తూ చేపలు తెచ్చింది. రెండు బిళ్లలూ గట్టయ్య చేతిలో పెట్టింది.

"రెండూ నీ చేపలకే. నావి ఆవిరికి పెడుత."

"నాకు కొవ్వు గదనే?"

"ఎవలి కొవ్వో నాకు ఎరుకైంది."

గట్టయ్య బిళ్లల్ని అటూ ఇటూ తిప్పి చూసి తాళం తీశాడు. చెంచా నిండా నూనె పోశాడు. అంచు మీద పొంగినదాన్ని ఈసారి వేలితో గీయలేదు.