నేను విలన్‌ని చేసిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. మదనపల్లెలో ఆమె అద్దెకుండే ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసి ఆ మాట చెప్పేసరికి నేను కుప్పంలో మా వంటింట్లో నిలబడి, నా కథ కింద వచ్చిన కామెంట్లు చూసుకుంటున్నాను. ముందురోజే అందులో విలన్‌కి పక్షవాతం తెప్పించాను. 'తగిన శాస్తి', 'ఇంకా కుళ్లి చావాలి' అని పాఠకులు ఒకటే సంబరం. ఆ విలన్ మా పెద్దమ్మే.

కొన్నేళ్లు టీవీలో వచ్చి ఆగిపోయిన ఒక కుటుంబ సీరియల్ ఉండేది. ఇద్దరు తోడికోడళ్ల కథ. పెద్దది రాక్షసి, చిన్నది ఎప్పుడు చూసినా ఏడుపు. సీరియల్ ఆగిపోయాక నాలాంటి అభిమానులు ఆ పాత్రలనే పట్టుకుని సొంతంగా కథ పొడిగించి ఫోన్ యాప్‌లో రాసుకుంటాం. దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. నాకు కల్పించడం పెద్దగా చేతకాదు. అందుకని పెద్ద తోడికోడలికి మా పెద్దమ్మ నడకనూ, బొడ్లో దోపుకునే తాళాలగుత్తినీ, నోటినీ ఇచ్చేశాను. చిన్న తోడికోడలికి మా అమ్మ ఏడుపు ఇచ్చాను. నోరు లేని మంచి మగవాడు ఒకడు ఉండాలి కదా, వాడిగా మా నాన్నను పెట్టాను. నా పాఠకులకు వాడంటే ప్రాణం.

పుంగనూరు దగ్గర పల్లెలో మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పెదనాన్న తొందరగా పోయాడు, పిల్లలు లేరు, షెడ్డు పెత్తనం మొత్తం పెద్దమ్మది. తడి ఆకు వేస్తే పురుగు చస్తుంది కాబట్టి ప్రతి గంపలోంచీ ఒక మల్బరీ ఆకు తీసి చెంపకు ఆనించి చూసేది. తలంటు పోశాక నా జుట్టునూ అలాగే చెంపకు ఆనించుకుని, "ఇంకా తడి ఉండాది, పోయి ఎండలో నిలబడు" అనేది. ఆ చెంప గరుగ్గా, వెచ్చగా ఉండేది. ఇది నేను కథలో రాయలేదు. రాస్తే ఆమెను ఎవరు తిడతారు?

రాసింది వేరే. నాకు ఆరేళ్లప్పుడు కుప్పం పక్క పల్లెలో మా అమ్మ వాళ్ల నాన్న చనిపోయాడు. అప్పటికి మా షెడ్డులో పురుగులు ఆఖరి దశలో ఉండి గంపలకు గంపలు ఆకు తింటున్నాయి. మైల తగిలిన మనిషి షెడ్డులో అడుగుపెడితే పంట మొత్తం పోతుందని మా వైపు గట్టి నమ్మకం. అందుకని పురుగులు గూళ్లు కట్టడానికి వెదురు తట్టలెక్కేదాకా, మూడు రోజులు, పెద్దమ్మ అమ్మకు చావు కబురు చెప్పలేదు. తండ్రి పోయాడని తెలియకుండా అమ్మ మూడు రోజులూ ఆకు వేసింది. వెళ్లేసరికి ఆమెకు చూడడానికి మిగిలింది మట్టిదిబ్బే. తిరిగొచ్చి వాకిట్లో కూలబడి ఏడుస్తుంటే పెద్దమ్మ, "ఏడ్సేదానికి కండ్లలో నీళ్లు తక్కువైతే తొట్లో ఉండాయి, పోయి తెచ్చుకో" అంది. ఆ మాటను ఉన్నదున్నట్టు విలన్ నోట్లో పెట్టాను. ఆ భాగాన్ని చదివినంతమంది నా కథలో ఇంకే భాగాన్నీ చదవలేదు.

ఇళ్లు వేరుపడ్డాక అమ్మానాన్నలు పుంగనూరుకు మారారు, పెద్దమ్మ మదనపల్లెకు పోయి టమోటా మండీలో కాయలు ఏరే పనికి కుదిరింది. ఆమెకు చదువు రాదు. కానీ అన్నాల వేళ ఒకామె ఫోన్లో కథ చదువుతుంటే మిగతావాళ్లంతా వినేవాళ్లట. ఆ కథ నాది. తొట్లో నీళ్ల మాట దగ్గర పెద్దమ్మ తనను తాను గుర్తుపట్టింది. ఆ మాట ఆ రోజు విన్నది మా ఇంటివాళ్లమే కాబట్టి, రాసింది నేనేనని తేల్చుకుంది. రమ్మని కబురు పెడితే భయంభయంగానే వెళ్లాను.

"అందరూ దాన్ని తిట్నారమ్మా. ఊరికే ఉంటే అనుమానం వస్తాదని నేనూ రెండు తిట్టినా" అని నవ్వింది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"అబద్దమేం రాయలేదులే. దాసింది నేనే, ఆ మాట అనింది నేనే. అయితే మీ తాత పోయినాడని అంగడికి ఫోనొస్తే, పోయి ఎత్తింది నేనా?"

"మరెవురు పెద్దమ్మా?"

"మీ నాయన. షెడ్డు కాడికొచ్చి, వదినా, మూడు దినాలు తాళు, దానికి నేనే చెప్తా అన్న్యాడు. మూడు దినాలైనాక, నువ్వే చెప్పు వదినా, నాకు నోరు రాదు అన్న్యాడు."

"ఇన్నేండ్లూ అమ్మకు యాల చెప్పలేదు?"

"అది బతకాల్సింది వాని పక్కన గదమ్మా, నా పక్కన కాదు గదా." మళ్లీ తనే, "నన్నేం మంచిదాన్ని చేయొద్దు. నా పాపం నాదే. వానిది వానికి రాయి, ఒక్క బాగం. మావోళ్లు వింటారు" అంది.

రాస్తానన్నాను. రాయలేదు. ఆ మంచివాణ్ని చెడగొడితే పాఠకులు ఊరుకోరనుకున్నాను. నిజం చెప్పాలంటే, మా నాన్నంటే నాకూ ప్రాణమే. ఒకసారి పుంగనూరులో ఆయన్నే అడిగాను. "పాత సంగతులు యాలమ్మా ఇప్పుడు?" అని పేపరు తిప్పేశాడు. అబద్ధమని మాత్రం అనలేదు. నేను కుప్పం వచ్చి పెద్దమ్మకు పక్షవాతం రాశాను.

మదనపల్లెలో శవం దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చింది నాన్నే. "మా వదినకు నోరే అట్లాంటిది, మనసు బంగారం" అని వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. మండీ ఆడవాళ్లు పని మానుకుని వచ్చారు. రాసింది నేనని వాళ్లకు తెలియదు. వాళ్లలో ఒకామె నాతో, "ఆ కథలో మంచోని బండారం బయటపడే బాగం వచ్చిందా అని దినామూ అడుగుతా ఉండె" అంది. అందరూ ఒక్కొక్కరే వెళ్లి పెద్దమ్మ నోట్లో బియ్యం వేశారు. అమ్మ గేటు దాటి లోపలికి రాలేదు.

"మా నాయన మొగం నన్ను సూడనియ్యలే. నేను దీని మొగం యాల సూడాల?" అంది.

నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట చెబితే అమ్మ లోపలికి వచ్చేదేమో. వచ్చేది కాదేమో కూడా. ఆ మాట చెప్పకుండా అమ్మకు మంచినీళ్లు తెచ్చిచ్చాను. నాకు ఆరేళ్లప్పటి నుంచీ మా ఇంట్లో అందరూ చేసిన పనే, నేనూ చేశాను.

ఇప్పుడు కథ రాసే యాప్‌లో కాకుండా ఈ పత్రికలో రాయడానికి కారణముంది. అమ్మానాన్నల ఇంటికి వచ్చే పేపరు ఇదే. అమ్మకు చూపు తగ్గింది. పొద్దున కాఫీ తాగాక నాన్నే పైకి చదివి వినిపిస్తాడు. పోయినవాళ్ల గురించి రాసినవంటే అమ్మకు మరీ ఇష్టం. "మద్దెలో ఇడిసిపెట్టొద్దు, అంతా సదువు" అంటుంది.

చదువు నాన్నా. అమ్మ ఖాళీ గ్లాసు ఒళ్లో పెట్టుకుని చెవి నీ వైపే పెట్టి ఉంటుంది. అంగడి ఫోన్ దగ్గర నువ్వు ఆగితే, ఎందుకు ఆగావో ఆమెకు తెలిసిపోతుంది.