మానని పుండు అంచు

నా చిన్నప్పుడు ఆర్మూర్‌లో మా ఇల్లంతా పసుపు వాసనే. మా నాయిన అన్న భార్య, మా పెద్దమ్మ, పసుపు కొమ్ములు ఉడికించే పెద్ద కడాయి దగ్గర పనిచేసేది. నేను పుట్టకముందే మరిగే నీళ్లు ఒలికి ఆమె ఎడమ చీలమండ కాలిపోయిందట. నాకు ఊహ తెలిసేనాటికి అక్కడ ముడుతలు పడి మెరిసే మచ్చ ఒకటి మిగిలింది.

ఒక ఎండాకాలం ఆ మచ్చ మీద చిన్న పుండు లేచింది. బడి నుంచి వచ్చాక దాన్ని కడిగి, పసుపు అద్ది, గుడ్డ కట్టడం నా పని. నొస్తుందా అని అడిగితే, "ఏం నొస్తలేదు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అనేది. నొప్పి లేదంటే తగ్గుతున్నట్టేనని ఇంట్లో అందరం అనుకున్నాం. వానలు మొదలయ్యేసరికి అది అరచేతి వెడల్పయింది. కట్టు విప్పితే ఒక వాసన వచ్చేది. మా అమ్మ నా చేతులు సబ్బుతో కడిగించేది, ఎందుకో మాత్రం చెప్పేది కాదు.

చివరికి మా నాయిన ఆమెను నిజామాబాద్‌లో ఒక దవాఖానకు తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. అక్కడి సర్జన్ పెద్దాయన. పుండు చుట్టూ అంచును వేలితో మెల్లగా తడిమి, గజ్జల్లో నొక్కి చూశాడు. రోజూ కట్టు కట్టేది నేనేనని తెలిసి, నన్ను పక్క మంచం దగ్గరికి పిలిచాడు. దాని మీద ఉన్న, మోర్తాడ్ నుంచి వచ్చిన రైతుకు మోకాలి మీద గాయం మానుతోంది.

"అంచు చూడమ్మా. పలుచగ, లోపలికి వాలుతున్నది. కొత్త చర్మం పాకుతున్నది. ఇది మానే పుండు. మీ పెద్దమ్మది గిట్లనే ఉన్నదా?"

లేదు. అది గట్టిగా లేచి, బయటికి ఒరిగి ఉంది. రోజూ నా చేతులతో కడిగినదే.

ఆ అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరూ మా నాయినా వరండాలో గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. తలుపు పక్కనున్న నాకు అంతా వినపడింది. మా నాయిన లోపలికొచ్చి, "ఏం లేదు వదినె, చిన్న ఆపరేషన్" అని, చాయ్ తెస్తానంటూ బయటికి వెళ్లిపోయాడు.

పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. "నువ్వన్న నిజం చెప్పు బిడ్డా. ఏమన్నరు?"

"ఆ పాత మచ్చల కాన్సర్ లేచిందంట పెద్దమ్మా. మోకాలి కిందికి కాలు తీసెయ్యాల్నంట."

ఆమె నా మణికట్టు వదిలేసింది. "కాలు నాది. ముచ్చట మాత్రం వాళ్లిద్దరిదా?" అంది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. తర్వాత డాక్టరును తనే పిలిపించి, ఎక్కడిదాకా కోస్తారో, ఆ తర్వాత కూర్చుని పని చేసుకోవచ్చో లేదో అడిగి, ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితం మీద వేలిముద్ర వేసింది. కర్ర సాయంతో చాలా ఏళ్లు బతికింది. లేని పాదం దురద పెడుతోందని అప్పుడప్పుడూ అనేది.

నేనూ సర్జన్‌నయ్యాను. వాలుగా ఉన్న అంచు, నిటారుగా కోసినట్టున్న అంచు, కింద గుల్లబారిన అంచు, బయటికి తిరిగిన అంచు అని మెడిసిన్ చదివే ఎందరో పిల్లలకు పాఠం చెప్పాను. కానీ ఆ రోజు నుంచి నాతో వచ్చింది వేరే. పరీక్ష ఫలితం చేతికి రాగానే బంధువులను కాసేపు బయట ఉండమంటాను. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని, మొదటి మాట రోగికే చెబుతాను.